నగరి నుంచి బంగారుపాళ్యానికి ఒక కుట్టిన పొట్లం

మా నగరిలో ఒక పద్ధతి ఉంది. వీధిలో ఎవరైనా దూరదేశానికి ప్రయాణమైతే, ఆ దేశంలో తమ మనిషి ఉన్న ప్రతి ఇంటివాళ్ళూ ఒక పొట్లం తెచ్చి చేతిలో పెడతారు. ఊరగాయో, కారంపొడో, మురుకులో ఉంటాయి అందులో. మరమగ్గాల మీద మిగిలిన గుడ్డముక్కలో చుట్టి, నాలుగు పక్కలా కుట్టి ఇస్తారు. కుట్టిన పొట్లాన్ని కుట్టినట్టే చేర్చాలి. లోపల ఏముందని అడిగితే ఇచ్చినవాళ్ళను దొంగలన్నట్టు. విప్పి చూస్తే ఇంక ఆ ఇంటి గడప తొక్కే పని లేదు. మనుషులు బొంబాయికి పోయే రోజుల్లోనూ ఇదే పద్ధతి, కువైటుకు పోయే ఈ రోజుల్లోనూ ఇదే.

ఈ పద్ధతే మా వీధి సుగుణను కువైటు జైల్లో కూర్చోబెట్టింది.

సుగుణ మునెమ్మ కూతురు. మునెమ్మ మొగుడూ నేనూ ఒకే షెడ్డులో మగ్గాలు నడిపినవాళ్ళం. ఆయన పోయాక ఆమె నన్ను అన్నా అని పిలవడం మొదలుపెట్టింది. సుగుణను బంగారుపాళ్యంలో ఇచ్చారు. అల్లుడు కూడా కాలం చేశాక ఆ బిడ్డ కువైటులో ఇంటిపనికి కుదిరింది. మొన్న సెలవుకు వచ్చి తిరిగి వెళుతుంటే తోటికోడలు కళావతి ఒక కుట్టిన పొట్లం ఇచ్చి, వాముపొడి అనీ, అక్కడ ఒకాయన వచ్చి తీసుకుంటాడనీ చెప్పింది. ఆ దేశపు విమానాశ్రయంలో కుట్లు కోసి చూస్తే పొడి కింద మత్తు మాత్రలు ఉన్నాయి.

అక్కడి వకీలు మునెమ్మకు ఫోనులో చెప్పిన మాట ఒక్కటే. పొట్లం తనది కాదని సుగుణ ఎంత మొత్తుకున్నా చాలదు, ఇచ్చినామె ఇక్కడి పోలీసుల ముందు చెప్పాలి. కళావతి చూస్తే ఫోను ఎత్తడం మానేసింది. మునెమ్మ మోకాళ్ళు బస్సు మెట్లు ఎక్కనివ్వవు. అందుకని నేను బయలుదేరాను.

"జుట్టు పట్టుకుని ఈడ్చుకొచ్చి చెప్పిస్తా సూడు" అన్నాను.

మునెమ్మ ఏమీ అనలేదు. తెల్లారి నేను సంచి భుజానికి తగిలించుకుంటుంటే ఒక పొట్లం తెచ్చి అందులో పెట్టింది. "కళావతికియ్యన్నా" అంది. నాలుగు పక్కలా కుట్టి ఉంది. నేను తల ఊపి బస్టాండుకు నడిచాను.

పుత్తూరు దాటాక

పుత్తూరులో ఒక ఆడమనిషి ఎక్కి నా పక్క సీటులో కూర్చుంది. కొండకు పోయి తలనీలాలిచ్చి, వచ్చే వారం కువైటు విమానం ఎక్కుతుందట. నాకు వెతకబోయిన తీగ కాలికి తగిలినట్టయింది.

"పొట్లాలు ఎవరైనా ఇచ్చినారామ్మా?"

"ఇయ్యకుండా ఉంటారా? వీధంతా ఇచ్చినారు. నా సీరలకే సోటు లేదు" అని నవ్వింది.

"లోపలేముందో సూసినావా?"

నవ్వు ఆగిపోయింది. "ఏం మాటది పెద్దాయనా? ఈ పొద్దు నేను మొయ్యకపోతే, రేపు నా బిడ్డకు ఒక గౌను పంపల్లంటే ఎవురు మోసుకొస్తారు?"

సుగుణ కథంతా చెప్పాను. ఏళ్ళ తరబడి మగ్గాల సందడిలో బతికినవాడి గొంతు నాది, చెవులూ అంతంత మాత్రం. నేను గుసగుసలాడినా పది మంది తిరిగి చూస్తారు. బస్సు బస్సంతా విన్నది. కండక్టరు టికెట్లు కొడుతూ, "తాతా, మైకు కొంచెం తగ్గించు, డ్రైవరు కూడా ఎనక్కి తిరుగుతాండాడు" అన్నాడు.

ఆమె మాత్రం కిటికీలోంచి చూస్తూ, "ఆ ఇచ్చినామె మంచిది కాదులే. మావోళ్ళు అట్లాంటోళ్ళు కాదు" అంది.

సుగుణ కూడా ఆ రోజు అలాగే అనుకుని ఉంటుంది.

రేణిగుంట

రేణిగుంటలో బస్సు కాసేపు ఆగింది. టీ పదిహేను రూపాయలు, మా నగరిలో పది. ఆ అయిదు రూపాయలు విమానాశ్రయం పక్కన ఉన్నందుకు కాబోలు. గోదాముల లారీల వరుస పక్కన బడిపిల్లలు అట్టలు పట్టుకుని ఊరేగింపుగా పోతున్నారు. మత్తు వద్దు, చదువు ముద్దు అని అరుస్తున్నారు. ఎండకు ముఖాలు కమిలిపోయాయి. మాత్రలు సంచుల్లో పెట్టేవాడు ఆ ఎండలో నిలబడి వింటాడా?

టీ కొట్టు ఎదుట గోడ మీద ప్రభుత్వం వారి బోర్డు ఉంది. నేను బడికి పోయింది తక్కువ. శెనక్కాయలు చుట్టిచ్చిన కాగితాలు చదివి చదువు నేర్చుకున్నవాణ్ణి. కంటికి అక్షరం కనబడితే వదలను. 'ప్రయాణంలో అపరిచితులు ఇచ్చే పొట్లాలు తీసుకోవద్దు' అని ఉంది.

రెండుసార్లు చదివాను. ఒళ్ళు మండింది.

తిరుపతి

మత్తుమందుల కేసులు చూసే పోలీసు ఆఫీసును పట్టుకునేసరికి మధ్యాహ్నమయింది. లోపల ఆఫీసరు ఒక అమ్మాయి. నా మనవరాలి ఈడు.

"ఆ బోర్డు రాయించింది ఎవరు మేడం?" అన్నాను. మామూలుగానే అన్నాను. బయటి కానిస్టేబులు కొట్లాట అనుకుని పరుగెత్తుకొచ్చాడు.

ఆమె అతన్ని పొమ్మని, "తాతగారూ, కూర్చోండి. ఏ బోర్డు?" అంది.

"అపరిచితులంట! ముక్కూముఖం తెలియనోడి దగ్గర మా ఆడోళ్ళు అగ్గిపుల్ల కూడా తీసుకోరు. మాకు పొట్లమిచ్చేది తోటికోడలు, మేనత్త, ఎదురింటామె. వాళ్ళ చేత ఇప్పించేవాడే దొంగ. ఆ సంగతి మీ బోర్డుకు తెలియదా?"

ఆమె కాగితం ముందుకు లాక్కుంది. "మరి ఏం రాయమంటారు?"

"ఎవరిచ్చినా విప్పి చూడమని రాయండి."

"రాస్తాం. రాస్తే మీ వీధిలో విప్పుతారా?"

బస్సులో ఆమె ముఖం గుర్తొచ్చింది. గోడ మీద పటం వైపు చూశాను. తూర్పు కొండల నుంచి గంజాయి దిగే దారులు, మద్రాసు రేవు, బెంగుళూరు రోడ్డు, సముద్రం, దాని అవతలి దేశాలు. ఎర్ర గీతలన్నీ మా జిల్లా మీదుగానే పోతున్నాయి. రోడ్ల మీద తనిఖీలు పెట్టామనీ, కుక్కలకు తర్ఫీదిచ్చామనీ, ఒక దేశానికి దొరికిన సమాచారం ఇంకో దేశానికి పంపుకునే ఏర్పాట్లు ఉన్నాయనీ ఆమె ఓపిగ్గా చెప్పింది. సుగుణ కథా, కళావతి పేరూ నేను చెప్పాక గొంతు తగ్గించింది.

"అక్కడి జైలు తలుపు నేను తెరవలేను తాతగారూ. ఇక్కడ కేసు కట్టి, ఇచ్చింది ఫలానావాళ్ళు, వెనక ఉన్నది ఫలానావాడు అని తేలిస్తే, ఆ వివరాలు ఢిల్లీ మీదుగా అక్కడికి పోతాయి. అప్పుడు వాళ్ళ కోర్టు చూస్తుంది."

"మందు విమానమెక్కి పోతాది. కాగితం మాత్రం ఎడ్లబండి కట్టుకుని పోతాదా?"

"ఆ బండిని వెనకనుంచి తోసేవాళ్ళలో నేనూ ఒకదాన్ని" అంది, నవ్వకుండా. "మా జీపు బంగారుపాళ్యంలో ఆ వీధిలో ఆగితే కళావతి తలుపే తీయదు. మీరు పోయి మాట్లాడండి."

"చెబితే ఆమెను లోపలేస్తారా?"

"తెలిసి ఇచ్చిందా, మోసపోయి ఇచ్చిందా అన్నది చూడాలి. ఇప్పుడే మాట ఇవ్వలేను."

ఆ ఒక్క మాటకు నాకు ఆమె మీద గౌరవం కలిగింది. నా జన్మలో ఎన్ని ఆఫీసులు ఎక్కి దిగానో. అన్నిచోట్లా 'అయిపోతుంది, పో' అన్నవాళ్ళే. మాట ఇవ్వలేనన్న మనిషిని ఈమెనే చూశాను. ఫోను నంబరు రాసిచ్చింది.

చిత్తూరు

చిత్తూరు చేరి లాడ్జిలో దిగాను. నగరిలో మేము సగం అరవవాళ్ళం. పొద్దున పొంగలి, వడకర్రి లేకపోతే మాకు తెల్లవారదు. చిత్తూరులో సంగటి ముద్ద, ఊరుబిండి పచ్చడి. అరవై రూపాయలకు రెండు ముద్దలు పెట్టి, మూడోది కూడా వేసుకోమని బతిమాలాడు హోటలాయన. వేసుకున్నాను. దాని ఫలితం అనుభవించాను. సంచిలో నేను ఎప్పుడూ ఉంచుకునే వాముపొడి తీసి నీళ్ళలో కలుపుకుని తాగి పడుకుంటే గానీ కడుపు నెమ్మదించలేదు.

పడుకుని పాత సంగతులు తలుచుకున్నాను. మా చిన్నతనంలో బియ్యం రాష్ట్రం ఎల్ల దాటకూడదు. నగరి పక్కన చెక్‌పోస్టులో పోలీసులు ఇనుపచువ్వతో మూటలు పొడిచి చూసేవాళ్ళు. ఆడవాళ్ళు బియ్యం గుడ్డలో కట్టి నడుముకు చుట్టుకుని నిండు గర్భిణుల్లా నడిచేవాళ్ళు. ఒక్క బస్సులో అంతమంది గర్భిణులేమిటని పోలీసుకూ తెలుసు. ఆ తర్వాత మద్రాసు నుంచి దొంగచాటుగా ఫారిన్ నైలాను చీరలు దిగాయి, మా మగ్గాల నోట మట్టి కొట్టాయి. ప్రతి కాలానికీ దాని దొంగ సరుకు ఉంది. మోసేది మాత్రం ఎప్పుడూ పేద ఆడమనిషి ఒళ్ళే. నాకు ఆ కోపం ఇంకా ఆరలేదు, ఆరకూడదు కూడా. ఆ కోపాన్ని కళావతి మీద ఎలా కుమ్మరించాలో మాటలు పేర్చుకుంటూ నిద్రపోయాను.

బెంగుళూరు రోడ్డు మీద

మరుసటి ఉదయం బంగారుపాళ్యం బస్సును పోలీసులు దారిలో ఆపారు. పక్కన మెరిసే కార్లు సర్రున పోతూనే ఉన్నాయి. ఆపింది మా డొక్కు బస్సును. నేను ఊరుకుంటానా?

"ఆ కార్లలో పొయ్యేటోళ్ళు దేవుళ్ళా నాయనా?"

"వాటినీ ఆపుతాం పెద్దాయనా, ముందు నీ సంచి దించు" అన్నాడు కానిస్టేబులు.

వాళ్ళ కుక్క సీట్ల మధ్య వాసన పట్టుకుంటూ వచ్చి, ఎవరి మూటలోనో మిరపకాయల మీద ముక్కు పెట్టి వరసగా తుమ్మింది. అందరూ నవ్వారు. కానిస్టేబులు నా సంచిలోంచి కాగితం పొట్లం తీశాడు.

"ఏందిది?"

"వాముపొడి."

"పేరూ గీరూ లేదే."

"నమ్మకం లేదా? సూడు మరి" అని గుప్పెడు నోట్లో పోసుకున్నాను. పంతానికి పోసుకున్నదేమో, గొంతుకు అడ్డం పడింది. కళ్ళు తేలేశాను. ఎవరో పుణ్యాత్మురాలు నీళ్ళసీసా నోటికి అందించింది. కానిస్టేబులు నా వీపు తడుతూ, "సాలు పెద్దాయనా, నమ్మినా, నమ్మినా" అన్నాడు. తర్వాత మళ్ళీ సంచిలో చెయ్యి పెట్టాడు.

"ఈ కుట్టినదేంది?"

నోరు తెరిచాను. ఈసారి అడ్డం పడింది వాముపొడి కాదు.

"తెలీదు" అన్నాను.

అతని ముఖం మారింది. "తెలీకుండానే మోస్తాండావా? ఎవురిచ్చినారు?"

"మా వీధామె. చెల్లెలు లాంటిది."

"ఏముందని అడగలేదా?"

"మా పక్క అడగరు నాయనా."

అతను చిన్న బ్లేడుతో కుట్లు ఒక్కొక్కటే కోస్తున్నాడు. నిన్న పుత్తూరులో ఎక్కినామెను నిలదీసింది నేనే. ఆఫీసరుకు పాఠం చెప్పిందీ నేనే. నా సంచిలో పొట్లం మాత్రం కుట్టు చెదరకుండా కూర్చుని ఉంది. సుగుణ ఆ విమానాశ్రయంలో ఇలాగే నిలబడి, ఇలాగే కుట్ల వైపు చూస్తూ ఉండి ఉంటుంది. తన తరఫున మాట్లాడే మనిషి కూడా లేని చోట.

గుడ్డ విడింది. లోపల మా నగరి నూలుచీర. ఆకుపచ్చది, కొత్తది. మడతలో పసుపుకొమ్ములు, ఎండుకొబ్బరి గిన్నె, రవికగుడ్డ.

"సీర పెద్దాయనా. పెండ్లికా?" అని నవ్వి, కానిస్టేబులు తన చేతనైనట్టు మడిచి నా ఒళ్ళో పెట్టాడు.

పెండ్లికి కాదు. పసుపుతో, కొబ్బరితో చీర పెట్టేది మా ఇళ్ళలో పుట్టింటికి వచ్చిన ఆడబిడ్డకు. జుట్టు పట్టి ఈడుస్తానని నేను ఎగిరినప్పుడు మునెమ్మ నోరు మెదపలేదు. ఆమె చెప్పదలుచుకున్నది ఈ గుడ్డలో పెట్టి కుట్టింది. రాత్రి పేర్చుకున్న మాటలన్నీ నా లోపలే కూలిపోయాయి.

బంగారుపాళ్యం

మామిడి కాలం. రోడ్డు పొడవునా తోతాపురి కాయల లారీలు, ట్రాక్టర్లు గుజ్జు ఫ్యాక్టరీల ముందు బారులు తీరి ఉన్నాయి. ఒక టీ డబ్బులకు రెండు కిలోల కాయలట. పెంచినవాడి ముఖం చూడలేకపోయాను. ఊరంతా పండిన వాసన, కుళ్ళిన వాసన కలిసిపోయి ఉంది.

కళావతి ఫ్యాక్టరీలో కాయలు కోసే పని చేస్తుంది. తలుపు తీసినామె చేతులు మణికట్ల దాకా పసుపెక్కి ఉన్నాయి. నన్ను చూడగానే తలుపు మళ్ళీ వేయబోయింది.

"మునెమ్మ పంపించింది" అని చీర ముందుకు చాపాను. "దారిలో పోలీసులు ఇప్పినారు. నేను ఇప్పలేదు."

పసుపుకొమ్ములు చూసింది. అక్కడే గుమ్మంలో కూలబడింది.

"ఇది నాకెందుకు పెట్టింది మామా? నాకెట్ల పెట్టబుద్ధయింది ఆమెకు?"

ఏడుపు తగ్గాక చెప్పింది. మోటారుసైకిలు మీద వచ్చే ఏజెంటు ఒకడున్నాడు. ఆమె మొగుడికి కువైటులో డ్రైవరు పని చూస్తానని తిరిగేవాడు. అక్కడి తన మనిషికి వాముపొడి అని పొట్లం ఇచ్చాడు. "సుగుణ పోతాంది గదా, ఇయ్యక్కా" అన్నాడు. సుగుణను పట్టుకున్నారని తెలిసిన రోజు వచ్చి, "నోరు తెరిస్తే ఇచ్చింది నువ్వే, పొయ్యేదీ నువ్వే" అని బెదిరించి వెళ్ళాడు. మళ్ళీ కనిపించలేదు.

"ఇప్పుడన్నా చెప్పమ్మా."

"చెప్తే నన్ను ఇడిచిపెడతారా మామా?"

అబద్ధం చెప్పడం ఎంత తేలిక! నోటి చివరిదాకా వచ్చింది. "తెలీదమ్మా. ఆ ఆఫీసరు కూడా తెలీదనే అనింది. మాట ఇయ్యలేనని చెప్పింది" అన్నాను.

కళావతి చేతుల వైపు చూసుకుంది. తర్వాత లేచి లోపలికి పోయి, రాగుల కుండ జరిపి, దాని వెనక నుంచి ఒక పొట్లాన్ని చీపురుతో ముందుకు తోసింది. చేత్తో తాకలేదు.

"ఇంకొకామె పోతాదని వాడు ముందే ఇచ్చిపెట్టినాడు. ఆమె ప్రయాణం ఆగిపోయింది. ఇప్పితే ఒక భయం, పారేస్తే ఒక భయం. దీన్ని ఇంట్లో పెట్టుకుని అన్నం తింటాండా మామా."

నేను కూడా తాకలేదు. చీవాట్లు పెట్టడానికి వచ్చినవాణ్ణి, గుమ్మంలో కూర్చుని తిరుపతి ఆఫీసరుకు ఫోను చేశాను. ఆమె జీపులో రాలేదు. మామూలు చీరలో, మామూలు కారులో, మధ్యాహ్నానికి చుట్టం వచ్చినట్టు వచ్చింది. ఇద్దరు ఇరుగుపొరుగు పెద్దమనుషుల ముందు కుట్లు కోయించింది. పైన వాముపొడి. దాని కింద, వెండికాగితం మెరుస్తూ, మాత్రలు.

ఆ వాసన నా సంచిలోదే. ఇంక నాకు వాము సహించదేమో.

మళ్ళీ చిత్తూరు, కార్వేటినగరం దారి

చిత్తూరులో కళావతి చెప్పిందంతా రాసుకున్నారు. ఏజెంటు ముఖం, బండి, ఫోను నంబరు, వచ్చిన తీరు. సాయంత్రానికి ఆమెను ఇంటికి పంపారు. పిలిచినప్పుడు రావాలన్నారు. రేపు సాక్షి అవుతుందో, ముద్దాయి అవుతుందో ఇంకా ఎవరికీ తెలియదు. అది తేలకముందే ఆమె వేలిముద్ర వేసింది. ఆ ధైర్యం నాకు ఉండేదా అని ఇప్పటికీ అనుకుంటాను.

బస్టాండులో నా బస్సు కదలబోతుంటే కళావతి సంచిలోంచి ఒక గుడ్డ మూట తీసింది. "మునెమ్మత్తకియ్యి మామా" అని, నా చేతికి అందించబోయి ఆగింది. బెంచీ మీద పెట్టి ముడి తానే విప్పింది. మామిడి తాండ్ర. ఒక్కొక్క పొరా ఎత్తి, అడుగు దాకా చూపించింది.

"నేను అడగలేదు కదమ్మా" అన్నాను.

"నువ్వు అడగవని తెలుసు మామా. అందుకే సూపిస్తాండా."

తిరుపతిలో ఆఫీసరు ప్రశ్నకు అప్పుడు నాకు జవాబు దొరికింది. ఇచ్చినవాళ్ళను 'విప్పు' అని అడగడం మా మర్యాద కాదు, ఏ బోర్డు రాసినా కాదు. కానీ అడగకముందే విప్పి చూపించడం మర్యాదే. బరువు మోసేవాళ్ళ మీద కాదు, ఇచ్చేవాళ్ళ మీద పెట్టాలి ఆ పని. బస్సులోంచే ఆఫీసరుకు ఫోను చేసి చెప్పాను. "ఇచ్చేవాళ్ళే విప్పి చూపించాలి, అట్ల రాయించమ్మా బోర్డు మీద" అని. కార్వేటినగరం దాకా బస్సంతా విన్నది. అక్కడ పాత రాజుల కోట పక్కన ఎక్కిన ఒకాయన, "ఏం సూపించల్లప్పా?" అని అడిగితే అతనికీ కథంతా చెప్పాను.

తాండ్రను మళ్ళీ ముడి వేయలేదు. ఒళ్ళో పరుచుకుని తెచ్చాను.

నగరి

మునెమ్మ అరుగు మీదే కూర్చుని ఉంది. మూట చూసి, "ఎవురిప్పినారన్నా?" అంది.

"ఇచ్చినామే ఇప్పింది."

జరిగిందంతా చెప్పాను. కాగితం ఢిల్లీకి పోతుందనీ, అక్కడి నుంచి సముద్రం దాటుతుందనీ చెప్పాను. ఎన్నాళ్ళకు దాటుతుందో చెప్పలేదు, నాకు తెలియదు. ఆమె విని, తాండ్ర ఒక ముక్క తుంచి నా చేతిలో పెట్టింది. తాను తినలేదు. మిగిలినదంతా పొరలు పొరలుగా సర్ది గుడ్డలో మడిచి, సుగుణకని లోపలికి తీసుకుపోబోయి గుమ్మంలో నిలబడింది.

"తాండ్ర ఏడాది దాకా చెడదు కదన్నా?"

"చెడదు" అన్నాను.

"ఏడాది లోపల వస్తాదా బిడ్డ?"

నా గొంతు బస్సంతటికీ వినిపిస్తుంది, పోలీసులను పరుగెత్తిస్తుంది. ఆ పూట గుమ్మంలో ఉన్న మునెమ్మకు వినబడేంతగా కూడా పలకలేదు.